గోల్ఫ్‌లో వంద నుంచి తొంభైకి: స్కోరు తగ్గించుకునేందుకు సమగ్ర మార్గదర్శి

పద్దెనిమిది హోళ్ల కోర్సుకు సాధారణంగా పార్, అంటే బాగా ఆడేవారికి పట్టే స్ట్రోకుల (దెబ్బల) లెక్క, 72. ఒక్క హోల్‌లోనూ పార్ సాధించకుండా, వరుసగా పద్దెనిమిది బోగీలు (పార్ కంటే ఒక స్ట్రోకు ఎక్కువ) ఆడి వచ్చినా స్కోరు 90 అవుతుంది. అంటే వారాంతాల్లో ఆడుతూ 100 దగ్గర ఆగిపోయినవారికి కావలసింది అద్భుతమైన షాట్లు కావు. మధ్యలో వచ్చిపడే ఏడులు, ఎనిమిదులు తగ్గితే చాలు. అయినా మనలో ఎక్కువమంది డ్రైవర్‌తో (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు) ఇంకో ఇరవై గజాలు ఎలా కొట్టాలన్న ఆలోచనతోనే సాధనకు వెళతాం. ఆ ఇరవై గజాలు వచ్చేలోపే పది స్ట్రోకులు తగ్గించుకునే దారి ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ దారిలో క్రమం ముఖ్యం. నిర్ణయాలు మార్చుకుంటే అదే రోజు ఫలితం కనిపిస్తుంది, పుట్టింగ్ (రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించిన గ్రీన్ మీద బంతిని దొర్లించడం), చిప్పింగ్ (గ్రీన్ పక్కనుంచి కొట్టే చిన్న షాట్) వారాల్లో బాగుపడతాయి, స్వింగ్ మారడానికి నెలలు పడుతుంది. కాబట్టి త్వరగా ఫలితమిచ్చేదాన్ని ముందు పట్టుకోవాలి. ఈ వ్యాసం ఆ వరుసలోనే సాగుతుంది. ఇందులోని సూచనలన్నీ కుడిచేతి ఆటగాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి, ఎడమచేతివారు కుడిఎడమలను మార్చి చదువుకోవాలి.

మొదటి మెట్టు: ఐదు రౌండ్ల పద్దు

ఏ మార్పూ చేయకుండా ముందు ఐదు రౌండ్లు ఆడండి. స్కోరు కార్డులో ప్రతి హోల్ కింద ఐదు విషయాలు రాసుకోండి: టీ (హోల్ మొదలయ్యే చోటు) నుంచి కొట్టిన బంతి ఆటలో ఉందా, పెనాల్టీ పడిందా, గ్రీన్‌కు వంద గజాల లోపలికి వచ్చాక గ్రీన్ ఎక్కడానికి ఎన్ని షాట్లు పట్టాయి, మొదటి పుట్ ఎన్ని అడుగుల దూరం నుంచి కొట్టారు, మొత్తం ఎన్ని పుట్లు పడ్డాయి. హోల్ ముగిశాక అర నిమిషంలో అయిపోయే పని ఇది.

మొదటి పుట్ దూరం ఎందుకంటే, పుట్ల సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం. గ్రీన్ పక్కనుంచి బంతిని జెండాకు మూడడుగుల దూరానికి చేర్చినవాడికి ఒక్క పుట్ సరిపోతుంది, అందులో పుట్టర్ గొప్పతనమేమీ లేదు. ఈ చిక్కును విప్పినవాడు కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రోడీ. ఆయన పద్ధతి పేరు స్ట్రోక్స్ గెయిన్‌డ్, అమెరికా వృత్తి ఆటగాళ్ల పోటీలు నడిపే పీజీఏ టూర్ 2011లో పుట్టింగ్ గణాంకాలకు దీన్ని స్వీకరించింది. లెక్క తేలికైనదే. ఎనిమిది అడుగుల నుంచి టూర్ ఆటగాళ్లు కూడా సుమారు సగం సార్లే బంతిని రంధ్రంలో వేయగలరు, కాబట్టి ఆ దూరానికి సగటు ఒకటిన్నర స్ట్రోకులు. అక్కడినుంచి ఒక్క పుట్‌తో ముగిస్తే అర స్ట్రోకు లాభం, రెండు పడితే అర స్ట్రోకు నష్టం. ఎనిమిది అడుగుల పుట్ తప్పిందని మనం పడే బాధలో చాలా భాగం అనవసరమని ఈ లెక్కతో తెలిసిపోతుంది.

బ్రోడీ విశ్లేషణలో ఇంకో సంగతి ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. మెరుగైన ఆటగాడికీ సామాన్యుడికీ మధ్య ఉన్న తేడాలో సుమారు మూడింట రెండు వంతులు వంద గజాలకు పైబడిన షాట్లలోనే ఉంటుంది. పుట్టింగ్ ఒక్కటి సరిచేసుకుంటే చాలన్న పాత నమ్మకం అందుకే నిలవదు. అయితే ఆ నష్టంలో కొంత స్వింగ్ వల్ల కాక తప్పుడు నిర్ణయాల వల్ల వస్తుంది, ఆ భాగాన్ని ఈ ఆదివారమే అరికట్టవచ్చు. నా సొంత కార్డులు మొదటిసారి వరుసగా పేర్చుకున్నప్పుడు, ఐదు రౌండ్లలో పోయిన బంతులన్నీ దాదాపు అవే మూడు హోళ్లలో పోయాయని, ఆ మూడింటిలోనూ చేతిలో డ్రైవరే ఉందని తెలిసింది.

రెండో మెట్టు: టీ మీద నిర్ణయం

బంతి హద్దు దాటినా, మూడు నిమిషాల వెతుకులాటలో దొరకకపోయినా, ఒక పెనాల్టీ స్ట్రోకుతో మళ్లీ అదే చోటునుంచి కొట్టాలి. అంటే టీ నుంచి కొట్టే రెండో బంతి మీ మూడో స్ట్రోకు. ఒక రౌండులో ఇలా రెండు బంతులు పోతే నాలుగు స్ట్రోకులు పోయినట్టే. వందకూ తొంభైకీ మధ్య ఉన్న దూరంలో ఇది దాదాపు సగం.

డ్రైవర్ వాడాలా వద్దా అన్నది ధైర్యాన్ని బట్టి కాక కొలతను బట్టి తేల్చుకోవాలి. డ్రైవింగ్ రేంజ్‌లో ఇరవై బంతులు కొట్టి, బాగా కుడికి పోయిన రెండింటినీ, బాగా ఎడమకు పోయిన రెండింటినీ గుర్తుపెట్టుకుని, వాటి మధ్య ఎన్ని గజాల వెడల్పు ఉందో అంచనా కట్టండి. ఆ వెడల్పే మీ అసలు డ్రైవ్, నిటారుగా వెళ్లిన ఆ ఒక్క బంతీ కాదు. కోర్సులో ఫెయిర్‌వేకు (టీ నుంచి గ్రీన్ దాకా కత్తిరించిన గడ్డి దారి) ఒక పక్క హద్దు, మరో పక్క నీళ్లు ఉండి, వాటి మధ్య జాగా మీ వెడల్పు కంటే తక్కువైతే దూరం తగ్గినా అదుపు సులువైన హైబ్రిడ్ గానీ ఐదో నంబరు వుడ్ గానీ తీయండి. ఒక పక్కనే ప్రమాదం ఉంటే టీ బాక్సులో ఆ పక్కకే జరిగి బంతి నిలిపి, ఫెయిర్‌వే రెండో వైపుకు గురిపెట్టండి. బంతి పోయిందేమోనన్న అనుమానం రాగానే, ముందుకు కదలకముందే, ప్రొవిజనల్ బంతి (మొదటిది దొరకకపోతే పనికొచ్చే మారు బంతి) కొడుతున్నానని తోటివారికి స్పష్టంగా చెప్పి కొట్టండి.

మన వైపు కోర్సుల్లో రాళ్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. గచ్చిబౌలిలోని బౌల్డర్ హిల్స్ అయినా, గోల్కొండ నయా ఖిలాలో విస్తరించిన హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ అయినా, దక్కను బండరాళ్ల మధ్య ఆడవలసిన ఆట. బంతి రాతి పక్కన చిక్కితే దాన్ని తవ్వి తీద్దామని ప్రయత్నించడం వల్ల ఐరన్ క్లబ్బు దెబ్బతినడం, మణికట్టు నొప్పిపెట్టడం, చివరికి ఎనిమిది రాసుకోవడం తప్ప ఒరిగేది లేదు. ఆడలేని బంతిగా ప్రకటించి ఒక పెనాల్టీ స్ట్రోకు తీసుకోండి. అప్పుడు మూడు దారులుంటాయి: ముందు కొట్టిన చోటికే తిరిగి వెళ్లడం, జెండాకూ బంతికీ గీసిన గీత మీద వెనక్కి ఎంత దూరమైనా పోవడం, లేదా హోల్‌కు దగ్గర కాకుండా రెండు క్లబ్బుల పొడవు లోపల పక్కకు జరగడం. 2019 నిబంధనల ప్రకారం బంతిని మోకాలి ఎత్తునుంచి జారవిడవాలి.

ఫెయిర్‌వే నుంచి గ్రీన్‌కు కొట్టేటప్పుడు జరిగే తప్పు దాదాపు అందరిదీ ఒకటే. ఏడో నంబరు ఐరన్‌తో జీవితంలో ఒకసారి 150 గజాలు వెళ్లిందని, ఆ తర్వాత ఎప్పుడూ దాన్నే 150 గజాల క్లబ్బుగా లెక్కేస్తాం. పది బంతులు కొట్టి, అందులో మధ్యస్థంగా వెళ్లిన దూరాన్నే మీ దూరంగా రాసుకోండి, అదీ గాలిలో ప్రయాణించిన దూరం మాత్రమే, దొర్లినది కాదు. చాలా ఏళ్ల క్రితం హైదరాబాదులో నాతో నడిచిన ఒక పెద్దాయన, క్లబ్బుల సంచి మోసే కేడీగా జీవితమంతా గడిపినవాడు, నా చేతిలో క్లబ్బు చూసి, "జెండాను చూడకుండ్రి సార్, గ్రీన్ నడుమకు కొట్టుండ్రి, ఒక క్లబ్బు పెద్దది తీసుకోండ్రి" అన్నాడు, అంటే ఇంకాస్త దూరం వెళ్లేది. ఆ ఒక్క వాక్యానికి సాటిరాగల పాఠం నాకు ఇంతవరకూ దొరకలేదు. జెండాను గ్రీన్ అంచున, బంకర్ (ఇసుక గుంట) వెనుక పెట్టేది మనల్ని ఊరించడానికే, మధ్యకు కొట్టినవాడికి రెండు పుట్లతో పార్ వస్తుంది. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనున్న హైదరాబాదులో బంతి వెళ్లే దూరం విశాఖపట్నం సముద్రపు గాలిలో కాస్త తగ్గుతుందన్నది కూడా గుర్తుంచుకోదగ్గదే.

మూడో మెట్టు: పుట్టింగ్‌లో ముందు దూరం, తర్వాతే దిశ

టోక్యో ఒలింపిక్స్ మహిళల గోల్ఫ్ పోటీలు 2021 ఆగస్టులో కసుమిగసెకి కోర్సులో జరిగినప్పుడు బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది, కాంస్యం ఒక్క స్ట్రోకులో తప్పింది. ఆమెతో పోటీపడినవారిలో చాలామంది డ్రైవ్ ఆమెది దాటి ఎంతో ముందుకు వెళ్లేది. ఆమెను చివరి హోల్ దాకా పోటీలో నిలిపింది పుట్టర్. గజాలు తక్కువైన ఆటగాళ్లందరికీ ఆ వారం ఒక భరోసా.

సామాన్య ఆటగాడికి మూడు పుట్లు పడటానికి కారణం గీత తప్పడం అరుదు. నలభై అడుగుల పుట్‌ను ఎనిమిది అడుగుల ముందే ఆపేయడం, లేదా అంత దూరం దాటించడం అసలు కారణం. నలభై అడుగుల దూరంలో దిశ తప్పినా మహా అయితే రెండు మూడడుగులు తప్పుతుంది, వేగం తప్పితే మాత్రం దానికి రెట్టింపు పైగా తప్పుతుంది. అందుకే సాధన ఇలా మొదలుపెట్టండి. గ్రీన్ మీద ఇరవై, ముప్పై, నలభై అడుగుల దగ్గర ఒక్కొక్క టీ (బంతి నిలిపే చిన్న పుల్ల) గుచ్చి, మూడు బంతులను ఒక్కొక్కటి ఒక్కో దూరానికి పంపండి. ఒకే దూరానికి వరుసగా మూడు కొట్టకండి, కోర్సులో అలాంటి అవకాశం ఎప్పుడూ రాదు. కళ్లు రంధ్రం మీదే ఉంచి రెండు మూడు సార్లు పుట్టర్‌ను గాలిలో ఊపితే ఎంత బలం కావాలో చేతులకు తెలుస్తుంది. దూరానికి తగ్గట్టు ఊపు పొడవు పెరగాలి తప్ప, కొట్టే విసురు పెరగకూడదు.

తర్వాత చిన్న పుట్లు. రంధ్రం చుట్టూ మూడడుగుల దూరంలో ఎనిమిది బంతులు వలయంగా పేర్చి, ఎనిమిదీ వరుసగా పడేదాకా కదలకండి, ఏడోది తప్పితే మళ్లీ మొదటినుంచి. ఆ ఎనిమిదో బంతి ముందు గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, ఆ ఒత్తిడిని అలవాటు చేయడమే ఈ సాధన ఉద్దేశం. పుట్టర్ ముఖం నిటారుగా తగులుతోందా లేదా చూసుకోవడానికి, పుట్టర్ తల కంటే కొద్దిగా వెడల్పుగా రెండు టీలు గుచ్చి ఆ ద్వారంలోంచి కొట్టండి.

రంధ్రం వ్యాసం 108 మిల్లీమీటర్లు, బంతిది సుమారు 42.7. అంటే రంధ్రం వెడల్పు రెండున్నర బంతులు. అయితే అది నెమ్మదిగా వచ్చే బంతికే. వేగంగా వచ్చిన బంతి అంచును తాకి తిరిగి బయటికి వచ్చేస్తుంది కాబట్టి దానికి రంధ్రం చిన్నదైనట్టే. తప్పిన బంతి అడుగున్నర దాటి ఆగేంత వేగం ఉంటే సరిపోతుంది.

గ్రీన్‌ను చదవడంలో మన దగ్గర అదనంగా నేర్వవలసింది గడ్డి మొగ్గు. మన ప్రాంతంలో విరివిగా కనిపించే బెర్ముడా గడ్డి ఒక వైపుకు వాలి పెరుగుతుంది. బంతి వెనుక నిలబడి చూసినప్పుడు గడ్డి మెరుస్తూ లేతగా కనిపిస్తే అది మీ నుంచి అవతలికి వాలి ఉంది, పుట్ వేగంగా వెళుతుంది. ముదురుగా, మసకగా కనిపిస్తే మీ వైపు వాలింది, గట్టిగా కొట్టాలి. ఇంకో ఆనవాలు రంధ్రం అంచునే ఉంటుంది. దగ్గరికి వెళ్లి వంగి చూస్తే ఒక పక్క అంచు పదునుగా, పచ్చగా ఉండి, ఎదుటి పక్క అంచు చిరిగి గోధుమరంగులోకి తిరిగి ఉంటుంది. గడ్డి వాలింది ఆ చిరిగిన అంచు వైపుకే. పక్కవాటంగా వాలిన గడ్డి మీద పుట్ చివరి మూడడుగుల్లోనే ఎక్కువ మళ్లుతుంది, ఎందుకంటే బంతి నెమ్మదించాకనే గడ్డికి దాన్ని మళ్లించే బలం వస్తుంది.

నాలుగో మెట్టు: గ్రీన్ పక్కన

గ్రీన్‌కు పదిహేను గజాల దూరంలో బంతి ఉంటే దాన్ని ఎత్తుగా లేపి జెండా పక్కన దించాలన్న కోరిక కలుగుతుంది. దాన్ని అణచుకోవాలి. బంతి గాలిలో ఎంత తక్కువసేపు ఉంటే పొరపాటుకు అంత తక్కువ అవకాశం. గ్రీన్ అంచుకు ఒక గజం లోపల బంతిని దించి, మిగతా దూరం పుట్‌లా దొర్లనివ్వండి. ఏ క్లబ్బు తీయాలో తేల్చడానికి ఒక పాత లెక్క ఉంది: పన్నెండులోంచి క్లబ్బు నంబరు తీసేయండి. ఎనిమిదో నంబరు ఐరన్ అయితే నాలుగు మిగులుతుంది, అంటే గాలిలో ఒక వంతు వెళితే నేల మీద నాలుగు వంతులు దొర్లుతుంది. తొమ్మిదో నంబరుకు మూడు వంతులు. పిచింగ్ వెడ్జ్‌ను (బంతిని ఎత్తుగా లేపే క్లబ్బు) పదిగా లెక్కిస్తే రెండు వంతులు. ఇది సమతలమైన, మధ్యరకం వేగమున్న గ్రీన్‌కు చెప్పిన లెక్క. ఎత్తుపల్లాలను బట్టి సవరించుకోవాలి.

నిలబడే తీరు తేలిక: పాదాలు దగ్గరగా, బరువులో మూడింట రెండు వంతులు ఎడమ కాలి మీద, బంతి మధ్యకు కాస్త వెనుక, చేతులు బంతికి కొద్దిగా ముందు. కొట్టేంతసేపూ బరువు ఎడమ కాలి మీదే ఉండాలి. బంతిని పైకి లేపుదామన్న తాపత్రయంతో బరువు వెనక్కి వాలిందంటే క్లబ్బు ముందు నేలను తాకి మట్టిలో దిగబడుతుంది, లేదా క్లబ్బు అంచు బంతి మధ్యభాగానికి తగిలి బంతి గ్రీన్ అవతలికి దూసుకుపోతుంది. ఈ రెండు తప్పులూ చూడ్డానికి వేరు, మూలం ఒకటే. బంతికి జానెడు వెనుక చిన్న తువ్వాలు మడిచి పెట్టి, దానికి తగలకుండా ఇరవై చిప్పులు కొట్టడం దీనికి మంచి మందు.

ఏప్రిల్, మే నెలల్లో మన నేల గట్టిపడి గడ్డి పలచబడ్డప్పుడు శాండ్ వెడ్జ్ అడుగుభాగపు ఉబ్బు నేలకు తగిలి పైకి ఎగురుతుంది. అలాంటి చోట ఎనిమిదో నంబరు ఐరన్ గానీ, దారిలో ఎత్తు గడ్డి లేకపోతే గ్రీన్ బయటినుంచే పుట్టర్ గానీ వాడటం వివేకం. వానలు పడి నేల మెత్తబడ్డాక అదే ఉబ్బు మేలు చేస్తుంది.

ఐదో మెట్టు: బంకర్

ముందు క్లబ్బు ముఖాన్ని తెరిచి, ఆ తర్వాతే పట్టు బిగించండి. పట్టుకున్నాక మణికట్టు తిప్పి తెరిస్తే బంతి తాకే వేళకు అది మళ్లీ మూసుకుంటుంది. పాదాలను ఇసుకలో కాస్త దిగబెట్టి, బంతిని ఎడమ మడమ వైపుకు ఉంచి, బంతికి రెండంగుళాల వెనుక ఇసుకను కొట్టి, ఊపు పూర్తయ్యేదాకా ఆగకండి. బంతిని తేలుస్తున్నది ఇసుకే. మధ్యలో ఆగినవారి బంతి అక్కడే ఉంటుంది. సాధన బంకర్‌లో ఇసుక మీద ఒక గీత గీసి, బంతి లేకుండా ఆ గీత మీదే ఇసుక లేచేలా పదిసార్లు కొట్టండి. వాన తర్వాత తడిసి గట్టిపడిన ఇసుకలో ముఖాన్ని అంతగా తెరవకండి.

ఆటలో మాత్రం షాట్‌కు ముందు ఇసుకను క్లబ్బుతో పరీక్షించకూడదు, వెనక్కి ఊపేటప్పుడు తాకనూ కూడదు. తాకితే రెండు స్ట్రోకుల పెనాల్టీ. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టిన సాహిత్ తీగల 2024 టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండులో, అట్లాంటాలోని ఈస్ట్ లేక్ కోర్సులో, బంకర్‌లో క్లబ్బు వెనక్కి తీస్తూ కొన్ని ఇసుక రేణువులు కదిలినట్టు తనకే అనిపించి, తానే అధికారిని పిలిచి చెప్పి ఆ పెనాల్టీ వేయించుకున్నాడు. ఆ పోటీలో అతడు మూడో స్థానంలో నిలిచాడు. మన పిల్లలకు ఈ ఆట నేర్పేటప్పుడు బంకర్ దగ్గర ఈ సంగతి చెప్పడం నాకు ఇష్టం.

ఆరో మెట్టు: స్వింగ్

స్వింగ్‌లో ఎక్కువ లోపాలు క్లబ్బు కదలకముందే పుడతాయి. ఎడమచేతి పట్టులో క్లబ్బు అరచేతిలో కాక వేళ్ల మొదళ్లలో ఉండాలి, కిందికి చూస్తే రెండు కణుపులు కనిపించాలి. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే గీత కుడి భుజం వైపు చూడాలి. గురి కోసం రెండు క్లబ్బులను నేల మీద రైలు పట్టాల్లా పరచండి. బయటి పట్టా బంతినుంచి గమ్యానికి, లోపలి పట్టా మీ పాదాలకు. పాదాలు కూడా నేరుగా గమ్యం వైపే చూశాయంటే మీరు కుడికి తిరిగి నిలబడ్డట్టే. డ్రైవర్‌కు బంతి ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా, మధ్య ఐరన్లకు నడిమికి కాస్త ముందు, వెడ్జ్‌కు నడిమిన ఉండాలి.

కుడికి వంకర తిరిగే స్లైస్ సామాన్య ఆటగాళ్ల పెద్ద సమస్య. బంతి బయలుదేరే దిశను ఎక్కువగా నిర్ణయించేది తగిలిన క్షణంలో క్లబ్బు ముఖం చూస్తున్న వైపు. వంపును నిర్ణయించేది ఆ ముఖానికీ క్లబ్బు ప్రయాణించే దారికీ మధ్య ఉన్న కోణం. బంతి కుడికి పోతోందని ఎడమకు తిరిగి నిలబడితే క్లబ్బు దారి ఇంకా ఎడమకు మళ్లి, ఆ కోణం పెరిగి, స్లైస్ మరింత ముదురుతుంది. ముందు పట్టును కొద్దిగా కుడికి తిప్పి ముఖాన్ని సరిచేయండి, దారి సంగతి తర్వాత.

ఐరన్లకు అన్నిటికంటే విలువైన పరీక్ష ఖర్చులేనిది. గడ్డి మీద సాధనకు అనుమతి ఉన్న చోట ముగ్గుపిండితో ఒక గీత గీసి, బంతిని దాని మీద పెట్టి కొట్టండి. గడ్డిపెళ్ల గీత దగ్గరగానీ దానికి ముందుగానీ లేవాలి. గీతకు వెనుక లేస్తే బరువు ఎడమ కాలి మీదికి చేరలేదని అర్థం. కృత్రిమ చాపల మీద ఈ తప్పు బయటపడదు, ఎందుకంటే వెనుక తగిలిన క్లబ్బు చాప మీద జారి బంతికి చక్కగానే తగులుతుంది. చాప మీద బాగా ఆడి కోర్సులో దిగబడేవారి రహస్యం అదే.

సాధన గంటను పంచుకునే తీరు

గంట ఉంటే ఇరవై ఐదు నిమిషాలు పుట్టింగ్‌కు, పదిహేను చిప్పింగ్‌కు, మిగిలిన ఇరవై రేంజ్‌కు కేటాయించండి. రేంజ్‌లో మొదటి పది బంతులు ఒకే క్లబ్బుతో కొట్టాక, ప్రతి బంతికీ క్లబ్బునూ గురినీ మార్చండి. మీ కోర్సు మొదటి హోల్ ఆడుతున్నట్టు ఊహించి డ్రైవర్, తర్వాత ఐరన్, తర్వాత వెడ్జ్ కొట్టడం ఇంకా మంచిది. ప్రతి బంతి వెనుక నిలబడి గురి చూడటం, ఒక్కసారి ఊపి చూడటం, నిలబడటం, కొట్టడం అన్న వరుసను తప్పకండి. నిబంధనలు సూచించే నలభై సెకన్లలో ఇది సులువుగా ముగుస్తుంది.

సామగ్రి గురించి ఎక్కువ చెప్పను. సంచిలో పద్నాలుగు క్లబ్బులకు మించి ఉండకూడదు, మూడో, నాలుగో నంబరు ఐరన్ల బదులు హైబ్రిడ్లు పెట్టుకోండి, నునుపుదేలిన గ్రిప్పులు మార్పించండి, ఎప్పుడూ ఒకే రకం బంతి వాడండి. కోస్తా ఉక్కలో రెండో గ్లవ్ తప్పనిసరి.

ఫలితం కొలిచే తీరు

2020లో అమల్లోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) పద్ధతి మీ చివరి ఇరవై రౌండ్లలో ఉత్తమమైన ఎనిమిదింటి సగటును తీసుకుంటుంది. కాబట్టి ఒక్క చెడ్డ ఆదివారం మిమ్మల్ని కుంగదీయనక్కరలేదు, ఒక్క మంచి ఆదివారం అంకెను పెద్దగా కదిలించదు. అంతకంటే ముందే ఫలితం చెప్పేవి మీ సొంత కార్డులు. రెండు నెలల తర్వాత మళ్లీ ఐదు రౌండ్లు అదే పద్ధతిలో రాసి, పాత ఐదు కార్డుల పక్కన పరవండి. ముందు పెనాల్టీల వరుస చూడండి, అది తగ్గకపోతే టీ మీద నిర్ణయాలింకా మారలేదన్నమాట. పుట్ల వరుస చూసేటప్పుడు మొదటి పుట్ దూరాన్ని కూడా దానితో పోల్చి చూడండి. ఆ దూరం తగ్గి పుట్లు కూడా తగ్గితే చిప్పింగ్ ఫలించింది, దూరం అలాగే ఉండి పుట్లు తగ్గితే పుట్టింగ్ బాగుపడింది. ఏ వరుస కదలలేదో వచ్చే నెల ఆ గంటలో ఎక్కువ భాగం దానికివ్వండి.